దెబ్బ తగిలాక ఏ ఆట? నడక నుంచి చదరంగం దాకా ఒక పోలిక

"ఇంట్లో కూర్చుంటే ఇంకా పాడవుతావు, ఏదో ఒక ఆట మొదలుపెట్టు." ఉద్యోగం పోయినవాడికి, పరీక్ష తప్పినవాడికి, విడాకులు తీసుకున్న అమ్మాయికి, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న పెద్దాయనకి మనవాళ్ళు ఇచ్చే సలహా ఇదే. సలహాలో తప్పులేదు. చిక్కంతా ఆ "ఏదో ఒక" దగ్గరే. గ్రూప్స్ మెయిన్స్‌లో రెండు మార్కుల్లో పోయిన కుర్రాణ్ణి తీసుకెళ్ళి చెస్ రేటింగుల్లో దింపితే వాడికి దొరికేది ఇంకో మార్కుల పట్టిక. నెల క్రితం భర్త పోయినావిడని కాలనీ త్రోబాల్ టీములో చేర్పిస్తే రెండో రోజుకే మానేస్తుంది. పైగా "ఇది కూడా నావల్ల కాలేదు" అన్న బాధ ఒకటి కొత్తగా నెత్తికెక్కుతుంది.

అందుకని కేలరీలు, బరువు, పొట్ట పక్కన పెట్టి చూద్దాం. ఇక్కడ పోలుస్తున్నవి మన ఊళ్ళలో మామూలు మనిషికి అందేవి: నడక, పరుగు, ఈత, షటిల్, టెన్నిస్ బంతి క్రికెట్, వాలీబాల్, చదరంగం, క్యారమ్స్. జిమ్‌ని కావాలనే వదిలేశాను. అక్కడ చుట్టూ మనుషులుంటారు గానీ అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లే. నాలుగు గోడలకీ అద్దాలు. మనసు బాగాలేనప్పుడు గంటసేపు మన మొహం మనమే చూసుకోవడం ఎందుకు?

ఏం చూసి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు, రోజులో ఏ పూట గడవడం లేదో గమనించుకోండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నా లెక్కలో మాత్రం అసలు సంగతి ఇదే. ఉద్యోగం పోయినవాళ్ళకి పొద్దున తొమ్మిదింటి వేళ కష్టం; లిఫ్టులో అందరూ బ్యాగులు తగిలించుకుని దిగుతుంటారు. విడిపోయినవాళ్ళకి సాయంత్రాలు, ముఖ్యంగా ఆదివారం సాయంత్రం. మనిషి పోయిన ఇంట్లో తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, మళ్ళీ నిద్రపట్టదు. పొద్దున గడవనివాళ్ళకి రాత్రి ఎనిమిదింటి ఆట మందు కాదు.

తర్వాతది మాటలు. కొన్ని ఆటల్లో నోరు విప్పకుండా నెల గడిపేయొచ్చు. కొన్నిట్లో మొదటిరోజే "మీరేం చేస్తుంటారు సార్?" అని మొదలై "ఏ కంపెనీ? ప్యాకేజీ ఎంత?" దాకా వెళుతుంది. మీకు ఇప్పుడు మాటలు కావాలా, మాటలు లేని మనుషులు కావాలా అన్నది మీరే తేల్చుకోవాలి. రెండూ నిజమైన అవసరాలే.

మూడోది, ఆ ఆటలో ఓటమి ఎంతసేపు ఉంటుంది? షటిల్లో ఒక గేమ్ ఓడిపోతే పావుగంటలో మళ్ళీ సున్నా నుంచి మొదలు. క్రికెట్లో మొదటి బంతికే ఔటయితే మళ్ళీ బ్యాట్ పట్టేది వచ్చే ఆదివారమే. చదరంగంలో అయితే ఎండ మీదో పిచ్ మీదో భాగస్వామి మీదో నెట్టడానికి కూడా వీల్లేదు, ఓటమి మొత్తం మనదే.

ఇంకొకటుంది. మీరు రాకపోతే ఎవరికైనా తెలుస్తుందా? దెబ్బ తిన్న మనిషి మంచం దిగడమే పెద్ద పని. పట్టుదల అనేది అప్పుడు ఇంట్లో నిల్వ ఉండదు. మనం వెళ్ళకపోతే ఇంకొకరి ఆట ఆగిపోతుందంటే మాత్రం, మొహమాటానికైనా లేస్తాం. మన మొహమాటం మనకు పనికొచ్చే సందర్భాల్లో ఇదొకటి.

డబ్బు, మోకాళ్ళు ఎటూ చూసుకోవాల్సినవే.

| ఆట | కుదిరే పూట | మాటలు | ఓటమి | మానేస్తే అడిగేవాళ్ళు | ఖర్చు |
|---|---|---|---|---|---|
| నడక | ఎప్పుడైనా | మీ ఇష్టం | లేదు | ఒంటరిగా అయితే లేరు | దాదాపు లేదు |
| పరుగు | తెల్లవారుజాము | తక్కువ | మీతో మీకే | గ్రూపుంటేనే | బూట్లు |
| ఈత | బ్యాచ్ టైమును బట్టి | అసలు కుదరవు | లేదు | కోచ్ ఉంటే కొంత | నెల ఫీజు |
| షటిల్ డబుల్స్ | పొద్దున, సాయంత్రం | అవసరమైనంతే | పావుగంట | మిగతా ముగ్గురూ | మధ్యస్థం |
| క్రికెట్, వాలీబాల్ | క్రికెట్ ఎక్కువగా ఆదివారం, వాలీబాల్ సాయంత్రం | చాలా ఎక్కువ | క్రికెట్లో వారం | టీమంతా | పంచుకుంటే తక్కువ |
| చెస్, క్యారమ్స్ | ఎప్పుడైనా | క్యారమ్స్‌లో ఎక్కువ | చెస్‌లో గట్టిగా తగులుతుంది | ఎదురుగా మనిషుంటేనే | చాలా తక్కువ |

ఆటతో నిజంగా మనసు కుదుటపడుతుందా?

కొంతవరకు, అవును. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 50 ఏళ్ళు దాటి డిప్రెషన్‌తో ఉన్న 156 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి వ్యాయామం, ఒక గుంపుకి మందు, ఇంకో గుంపుకి రెండూ. 16 వారాలయ్యేసరికి మూడు గుంపులూ ఇంచుమించు ఒకేలా తేరుకున్నాయి. మందు మాత్రం మొదట్లో త్వరగా పనిచేసింది. ఇది చదివి వాడుతున్న మాత్రలు ఆపేయకండి. అక్కడ వ్యాయామం చేసినవాళ్ళకి వారానికి మూడుసార్లు దగ్గరుండి చేయించారు, ఎవరి మానాన వాళ్ళని వదిలేయలేదు.

రెండు మూడు వారాలైనా నిద్ర, ఆకలి దారిలో పడకపోతే, బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఏ ఆట మంచిదని వెతుక్కునే సమయం కాదది. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆట తర్వాత సంగతి.

నడక

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎవరూ వద్దనరు, ఎవరూ వింతగా చూడరు. ఊళ్ళో పార్కు లేకపోతే హైస్కూలు గ్రౌండు ఉంటుంది. బీపీ, షుగర్, స్టెంటు ఉన్నవాళ్ళకి కూడా డాక్టర్లు ముందు చెప్పేది ఇదే. లోపం ఏమిటంటే, కాళ్ళు నడుస్తుంటాయి, ఆలోచన మాత్రం ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఒంటరి నడకలో "అప్పుడలా అనకుండా ఉండాల్సింది" అనే మాట పదిసార్లు నెమరువేసుకుని ఇంటికొచ్చే వాళ్ళున్నారు. తోడు దొరికితే నడక మంచి మందు. మన ఊళ్ళ వాకర్స్ అసోసియేషన్లలో నడక అరగంట, గేటు బయట రాగిజావ బండి దగ్గర కబుర్లు ముప్పావుగంట. ఆ ముప్పావుగంట కోసమే వచ్చేవాళ్ళు ఎక్కువ, అందులో తప్పేమీ లేదు.

పరుగు

నడకకి లేని ఒక గుణం పరుగుకుంది: ఊపిరి. కాస్త వేగంగా పరిగెత్తేటప్పుడు ఊపిరి మీదే ధ్యాస ఉంటుంది, ఆలోచన సాగదు. పైగా ఎదుగుదల కళ్ళకి కనపడుతుంది. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టిన మనిషి రెండు మూడు నెలల్లో ఆగకుండా అయిదు కిలోమీటర్లు పరిగెత్తగలడు. జీవితంలో మిగతావన్నీ వెనక్కి పోతున్నప్పుడు ఒక్కటైనా ముందుకి పోవడం చిన్న విషయం కాదు.

విశాఖలో పొద్దున వాహనాలు ఆపేసిన బీచ్ రోడ్డు, హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు, నెక్లెస్ రోడ్డు లాంటివి దగ్గర్లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. మిగతావాళ్ళకి కుక్కల బెడద ఉంది, నవ్వులాట కాదు. తెల్లవారుజామున ఒక్కళ్ళే పరిగెత్తేవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, గ్రూపుతో వెళ్ళడమే నయం.

పరుగుతో వచ్చే ప్రమాదం అంకెల పిచ్చి. మార్కులు, ర్యాంకులతో దెబ్బతిన్నవాళ్ళు స్ట్రావా అనే పరుగు యాప్‌లో పక్కవాడి వేగం చూసి మళ్ళీ అదే బాధలో పడతారు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చేయడం, నాలుగు నెలల్లో 21 కిలోమీటర్లు పరిగెత్తాలని కూర్చోవడం, మోకాలు పట్టేయడం, ఆపైన "నాకేదీ కలిసిరాదు" అనుకోవడం: ఈ వరస చాలామందిది. మొదటి ఆరు నెలలు వాచీ లేకుండా, పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత వేగంతో పరిగెత్తండి, చాలు.

ఈత

మాటలు వద్దు, మనుషులు మాత్రం చుట్టూ ఉండాలి అనుకునేవాళ్ళకి ఈతని మించింది లేదు. నీళ్ళలో ఫోన్ ఉండదు, ఎవరూ ఏమీ అడగలేరు. కళ్ళు ఎర్రబడి బయటికొచ్చినా క్లోరిన్ అనుకుంటారు.

పెద్దయ్యాక నేర్చుకునేవాళ్ళకి సిగ్గు, భయం రెండూ ఉంటాయి. మొదటివారం కోచ్ చేయించేది గట్టు పట్టుకుని మొహం నీళ్ళలో పెట్టి బుడగలు వదలడమే. పక్క లేన్‌లో ఏడేళ్ళ పిల్లలు చేపల్లా పోతుంటారు. ఆ వారం ఓర్చుకుంటే తర్వాత వచ్చేది ఫ్లోటింగ్: చేతులు చాచి, ఒళ్ళు బిగబట్టకుండా వదిలేస్తేనే తేలతాం, గట్టిగా ప్రయత్నించినకొద్దీ మునుగుతాం. నెలల తరబడి పళ్ళు బిగించి బతుకుతున్న మనిషికి ఒళ్ళు వదలడం ఎలాగో గుర్తుచేసేది ఇదే.

లోపాలు కూడా గట్టివే. పూల్ దగ్గర్లో ఉండాలి. మున్సిపల్ పూల్స్ వేసవిలో పిల్లల క్యాంపులతో కిటకిటలాడతాయి. ఆడవాళ్ళ బ్యాచ్ చాలాచోట్ల ఒక్కటే, అదీ ఇంటిపనికి అడ్డొచ్చే టైములో. ఆపరేషన్ అయినవాళ్ళు కుట్లు పూర్తిగా మానాక డాక్టరు సరే అంటేనే దిగాలి. ఈత రాకుండా చెరువులు, కాలువల జోలికి వెళ్ళొద్దు.

షటిల్

నా మొగ్గు ఎటో ఇప్పటికే తెలిసిపోయుంటుంది. పొద్దున ఆరింటికి ఏ కాలనీ ఇండోర్ కోర్టుకైనా వెళ్ళి చూడండి. నెట్ దగ్గర మోకాలికి క్యాప్ వేసుకుని ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు నిలబడి ఉంటాడు. ఆయన కదలడు. కాక్ దగ్గరికి రాగానే బ్యాట్ అలా ఆనిస్తాడు, అది నెట్ అంచు మీద దొర్లి అవతల పడుతుంది. ఇవతల పాతికేళ్ళ కుర్రాడు ముందుకి దూకి బోర్లా పడతాడు. అందరూ నవ్వుతారు, వాడూ నవ్వుతాడు. కోర్టులో వయసు, జీతం, కులం, హోదా కొంతసేపు పక్కకి పోతాయి. కొత్తగా వచ్చిన మనిషికి పేరుకంటే ముందు "ఆ లెఫ్ట్ హ్యాండ్ ఆయన", "బ్యాక్‌హ్యాండ్ మేడమ్" అన్న గుర్తింపు వస్తుంది. ఉద్యోగంతోపాటు విజిటింగ్ కార్డు కూడా పోగొట్టుకున్న మనిషికి ఇది ఎంత ఊరటో పోగొట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

డబుల్స్‌కి నలుగురు కావాలి. ముగ్గురొస్తే ఆట సరిగ్గా సాగదు, అందుకే ఆరయ్యేలోపే గ్రూపులో "ఎక్కడున్నారు?" అని మెసేజ్ పడుతుంది. ఆ మెసేజ్‌కి జవాబుగానే చాలామంది మంచం దిగుతారు. మాటలు కూడా సరిపడా ఉంటాయి: "నాది", "వదిలేయ్", "ఔట్", "సారీ". ఈ నాలుగు ముక్కలతో నెల గడిచిపోతుంది. ఆ తర్వాత టీ దగ్గర అసలు సంగతి చెప్పాలనిపిస్తే చెప్పొచ్చు, లేకపోతే లేదు.

డెన్మార్క్‌లో ఒక పెద్ద అధ్యయనం ఉంది. కోపెన్‌హేగన్ నగరంలో వేలమందిని దాదాపు 25 ఏళ్ళపాటు గమనించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఏ వ్యాయామమూ లేనివాళ్ళతో పోలిస్తే టెన్నిస్ ఆడేవాళ్ళ ఆయుష్షు 9.7 ఏళ్ళు, బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళది 6.2 ఏళ్ళు ఎక్కువ కనిపించింది. ఈతకి 3.4, పరుగుకి 3.2, జిమ్‌కి 1.5. దీన్ని చూసి బ్యాట్ పడితే ఆరేళ్ళు రాసిచ్చినట్టే అనుకోకండి. టెన్నిస్ ఆడగలిగేవాళ్ళకి డబ్బు, తీరిక ముందే ఉంటాయి. అయినా పైన నిలిచినవన్నీ ఎదుట ఇంకో మనిషి ఉండి తీరాల్సిన ఆటలే. ఆ పరిశోధకులూ ఇదే ఎత్తిచూపారు.

ఖర్చు ఒక్కసారిగా తెలియదు, కానీ నెల తిరిగేసరికి కనపడుతుంది. హైదరాబాద్‌లో ప్రైవేటు కోర్టులు చాలావరకు గంటకి 300 నుంచి 600 రూపాయల మధ్య ఉంటాయి, నలుగురు పంచుకోవాలి. ఫెదర్ కాక్‌లు నాలుగు గేములకే ఈకలు ఊడతాయి. చేతిలో డబ్బు ఆడనప్పుడు నైలాన్ కాక్‌తో ఆడే గ్రూపు చూసుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఒంటికి సంబంధించి ఒక గట్టి హెచ్చరిక. కాలేజీలో ఆడి ఇరవై ఏళ్ళ తర్వాత కోర్టులో దిగేవాళ్ళే ఎక్కువ దెబ్బలు తింటారు. ఆట గుర్తుంటుంది, ఒళ్ళు మరిచిపోయి ఉంటుంది. పిక్కకి, మడమకి మధ్య ఉండే అకిలిస్ స్నాయువు ఒక్క గెంతుకి తెగిపోవచ్చు. పది నిమిషాలు వార్మప్ చేయకుండా కోర్టులోకి అడుగుపెట్టొద్దు. ఛాతీలో బరువుగా ఉన్నా, ఎడమ చెయ్యి లాగుతున్నా వెంటనే ఆట ఆపేయాలి, ఆ గేమ్ అయ్యేదాకా కూడా చూడకూడదు.

కోర్టు గోడ మీద గోపీచంద్ ఫోటో ఉంటుంది. 1994లో మోకాలు దెబ్బతిని, ఆపరేషన్లు చేయించుకుని, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మనిషి. ఎవరో ఒకరు ఆ కథ మీకు చెప్పకుండా ఉండరు. కథ గొప్పదే. కానీ నిన్నగాక మొన్న కాపురం విడిపోయిన మనిషికి ఆ కథ ఇంకో బరువు. మీరు వెళ్ళేది గంట గడవడానికి. అంతవరకే చూసుకోండి.

క్రికెట్, వాలీబాల్

మనవాళ్ళకి ప్రాణం కాబట్టి ముందుగా తట్టేది క్రికెట్టే. సందడి, ఎగతాళి, ఆట అయ్యాక బిర్యానీ, అన్నీ మంచివే. కానీ మనసు పచ్చిగా ఉన్నప్పుడు ఇందులో ఇబ్బందులున్నాయి. వారానికి ఒక్కరోజే, మిగతా ఆరు రోజుల సంగతేంటి? బ్యాటింగ్ ఆర్డర్ రాజకీయాలు ఉంటాయి. క్యాచ్ వదిలేస్తే బుధవారం దాకా గ్రూపులో మీమ్స్ వస్తూనే ఉంటాయి. రాత్రిపూట టర్ఫ్ మీద ఆడే బాక్స్ క్రికెట్ కొంత నయం, అందరికీ బ్యాటింగ్ వస్తుంది, గంటలో అయిపోతుంది.

వ్యాపారంలో దెబ్బతిన్నవాళ్ళు ఒకటి చూసుకోవాలి: ఆ టీములో పందేలు ఉన్నాయా? ఓడినవాళ్ళు గ్రౌండు అద్దె కట్టడం వేరు. మనిషికి అయిదొందలు, వెయ్యి అని మొదలైతే అక్కణ్ణించి బెట్టింగ్ యాప్‌కి దారి దగ్గరే. పోయిన డబ్బు ఒక్క దెబ్బతో రాబట్టాలన్న ఆలోచన ఉన్న మనిషికి ఆ చోటు మంచిది కాదు.

వాలీబాల్‌కి ఈ గొడవలు తక్కువ. ఊళ్ళో ఖాళీ స్థలం, రెండు కర్రలు, ఒక నెట్, సాయంత్రం ఎవరొస్తే వాళ్ళు. పల్లెలో ఉన్నవాళ్ళకి షటిల్ స్థానంలో నేను చెప్పేది ఇదే.

చదరంగం, క్యారమ్స్

ఒళ్ళు సహకరించనివాళ్ళకి, కాలు విరిగి మంచంలో ఉన్నవాళ్ళకి ఇవే గతి, మంచి గతే. క్యారమ్ బోర్డు చుట్టూ నలుగురు చేరితే మాటలు వాటంతటవే వస్తాయి. పౌడర్ చల్లి, రెడ్ వేసి ఫాలో పడక నాలుక కరుచుకునే పెద్దాయనలో భార్య పోయిన దుఃఖం ఆ కాసేపు కనపడదు.

చెస్ విషయంలో మాత్రం రెండు మాటలు. ఎదురుగా మనిషి కూర్చుని ఆడే చెస్ వేరు, రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో ఆడే మూడు నిమిషాల బ్లిట్జ్ వేరు. ఓడిపోయిన కోపంలో ఇంకోటి, అది కూడా పోతే ఇంకోటి. రాత్రి రెండు గంటలకి చూసుకుంటే రేటింగు నూట యాభై పడిపోయి ఉంటుంది, నిద్ర కూడా పోయి ఉంటుంది. దెబ్బ తిన్న మొదటి నెలల్లో ఫోన్‌లో చెస్ వద్దనే చెబుతాను.

ఎవరికి ఏది

ఉద్యోగం పోయినవాళ్ళకి: పొద్దున ఆరింటి షటిల్. తొమ్మిదయ్యేసరికి స్నానం చేసి, ఆకలితో టిఫిన్ తిని, ఇంటర్వ్యూకి తయారైన మనిషిలా ఉంటారు. పాత ఆఫీసు టీముతో ఆడొద్దు, మాటలన్నీ అటే పోతాయి. అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉండి లేఆఫ్ అయినవాళ్ళ లెక్క వేరు. కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజుల గడువు తల మీద ఉంటుంది. వారాంతం తెలుగువాళ్ళ క్రికెట్, వాలీబాల్ గ్రూపులకి తప్పకుండా వెళ్ళండి, రెఫరల్స్ అక్కడే దొరుకుతాయి. కానీ అక్కడ అందరూ వీసా సంగతే అడుగుతారు. అందుకని వారం మధ్యలో ఎవరూ ఏమీ అడగని ఆట ఒకటి పెట్టుకోండి: పార్కులో టెన్నిస్ కోర్టు, అపార్ట్‌మెంట్ పూల్, ఏదైనా.

పరీక్ష తప్పినవాళ్ళకి: ఈత, లేకపోతే వాచీ లేని పరుగు. హైదరాబాద్ అశోక్‌నగర్ స్టడీహాల్లో పక్క కుర్చీ వాడితో కలిసి వెళ్ళొద్దు. వాడూ నోటిఫికేషన్ గురించే మాట్లాడతాడు.

విడిపోయినవాళ్ళకి: సాయంత్రం షటిల్, ఇద్దరికీ తెలిసిన స్నేహితులు లేని కోర్టులో. కొంచెం దూరమైనా పర్వాలేదు. ఆదివారం సాయంత్రం స్లాట్ ముందే పట్టుకోండి.

మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకి మొదట నడక, తోడుతో. "సంవత్సరీకం కాకుండానే ఆటలా?" అనేవాళ్ళు ఉంటారు, ఆడవాళ్ళని ఇంకా ఎక్కువ అంటారు. నడకని ఎవరూ ఏమీ అనలేరు కాబట్టి అక్కడ మొదలుపెట్టడం తెలివి. మూడో నెలో నాలుగో నెలో కాళ్ళు వాటంతటవే కోర్టు వైపో పూల్ వైపో మళ్ళితే వెళ్ళండి. అనేవాళ్ళు తెల్లవారుజామున మూడింటికి మీతో మేలుకుని ఉండరు.

జబ్బు నుంచి లేచినవాళ్ళు పోటీ ఉన్న ఆట జోలికి డాక్టర్ని అడగకుండా వెళ్ళొద్దు. గెలుపు వాసన తగిలితే ఒంటి మాట వినం.

మొదటి నెల

ఏడాది సభ్యత్వం కట్టొద్దు, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే. ఒక్క నెల కట్టండి. వారానికి మూడు రోజులు చాలు. వెళ్ళాలనిపించని రోజు వెళ్ళి పావుగంట ఆడి వచ్చేయొచ్చని ముందే అనుకోండి. పావుగంటకే వచ్చేసినవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. నెలాఖరుకి చూసుకోవాల్సింది బరువు, స్మాష్ ఎంత కుదిరిందన్నది కాదు. మొదట్లో గడవని ఆ పూట ఇప్పుడు ఎలా గడుస్తోంది? తేడా లేకపోతే ఆట మార్చండి, లేదా టైము మార్చండి. చాలాసార్లు టైము మారిస్తేనే సరిపోతుంది.

బ్యాట్ ఎవరినైనా అడిగి తీసుకోవచ్చు, ప్రతి కోర్టులోనూ మూల ఒక పాత బ్యాట్ పడుంటుంది. బూట్లు మాత్రం సొంతవి కొనుక్కోండి, షటిల్‌కైతే నాన్-మార్కింగ్‌వి, అంటే కోర్టు నేల మీద గీతలు పడనివి. రన్నింగ్ బూట్లతో కోర్టులో దిగితే చీలమండ మడత పడొచ్చు.